హాంకాంగ్‌లో కిటికీ లేని గది, సింగపూర్‌లో తొమ్మిదో అంతస్తు

హాంకాంగ్ గెస్ట్ హౌస్‌లో గది కర్టెన్ పక్కకు లాగితే దాని వెనక కిటికీ లేదు. తెల్లటి గోడ ఉంది. గోడకు రాడ్డు బిగించి, రెండు పొరల కర్టెన్ వేలాడదీసి, దాని వెనకే ట్యూబ్‌లైటు పెట్టారు. ఫొటోలో చూస్తే వెలుతురు బయటి నుంచి వస్తున్నట్టే ఉంటుంది. ఆ ఫొటో చూసే నేను డబ్బు కట్టాను, అత్తయ్యకు గాలీ వెలుతురూ ఉంటాయి కదా అని. రాత్రికి 980 హాంకాంగ్ డాలర్లు, నాలుగు రాత్రులకు 3,920. అప్పటి రేటుకి దాదాపు 42,500 రూపాయలు. ఇదంతా రాయడానికి మొదటి కారణం ఆ గోడే.

అసలు ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మా వారిది బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేసే ఉద్యోగం. సింగపూర్‌లో ఒకటి, హాంకాంగ్‌లో ఒకటి ఖాళీ ఉన్నాయి, ఏది కావాలో డిసెంబరు పదిలోగా చెప్పండి అన్నారు కంపెనీవాళ్ళు. తొమ్మిదేళ్ళ పాప, అరవై ఆరేళ్ళ అత్తయ్య ఉన్న ఇల్లు మాది. ఊరు చూడకుండా మాటెలా ఇస్తాం? అందుకని 2024 నవంబరులో మా డబ్బులతోనే నలుగురం బయల్దేరాం. హాంకాంగ్‌కు మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ముందుగా ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు. పైసా ఖర్చు లేదు, 14 రోజులు ఉండొచ్చు. సింగపూర్ వీసా ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు ఛార్జీతో మనిషికి 2,600 రూపాయలయింది.

అది కార్తీకమాసం. ఆ నెలంతా అత్తయ్య ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. పున్నమి పదిహేనో తారీఖున పడింది. తెనాలిలో కూర్చుని చేసుకున్న 365 వత్తుల కట్టను చీర మడతలో పెట్టి తెచ్చుకున్నారు.

పదకొండో తారీఖు రాత్రి హాంకాంగ్‌లో దిగాం. ఎయిర్‌పోర్టు నుంచి ఏ21 బస్సు నేరుగా మా గెస్ట్ హౌస్ ఉన్న నేథన్ రోడ్డు మీద దింపుతుంది, అప్పట్లో మనిషికి 35 డాలర్ల లోపే. ఎక్స్‌ప్రెస్ రైలు కన్నా ఇదే మేలు, సామాను పెట్టుకోవడానికి కింద అరలు కూడా ఉన్నాయి. బస్సు దిగేదాకా అందరం హుషారుగానే ఉన్నాం. మా భవనంలో సరి అంతస్తులకు ఒక లిఫ్టు, బేసి అంతస్తులకు ఒకటి. లిఫ్టుకు ఐదుగురు. సూట్‌కేసులతో లైన్లో ఇరవై నిమిషాలు నిలబడ్డాం. పైకి వెళ్ళాక కౌంటర్‌లో అతను పాపకు రాత్రికి 150 చొప్పున అదనం అన్నాడు, 500 డిపాజిట్ అన్నాడు, రెండూ నగదే. బుకింగ్‌లో పాప వయసు స్పష్టంగా రాశానని ఫోన్ చూపించినా వినలేదు.

మా వారు అడుగులేసి కొలిచారు. గది పొడవు పదకొండు, వెడల్పు ఎనిమిది. రెండు మంచాల మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. సూట్‌కేసు తెరవాలంటే మంచం మీద పెట్టాలి, అప్పుడు మంచం మీదున్నవాళ్ళు లేవాలి. బాత్‌రూంలో కమోడ్ పైనే షవర్. తెల్లవారుజామున అత్తయ్య తలస్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, మంచాల సందులో నిలబడి నన్ను లేపారు. "తూర్పు ఎటమ్మా?" అని అడిగారు. ఆ గదిలో చెప్పలేం. ఫోన్‌లో దిక్సూచి తెరిచి చూపించాను. తలుపు వైపు. ఆవిడ తలుపు తీసి, చెప్పుల స్టాండు పక్కన నిలబడి కారిడార్ లైటుకు ఎదురుగా దణ్ణం పెట్టుకున్నారు. ఆ పూట నాకు వచ్చిన ఏడుపు ఆ ఊరి మీద కాదు, ఆ ఫొటో తీసినవాళ్ళ మీద.

గది మార్చమంటే అన్నీ ఇవేనన్నాడు. కిటికీ ఉందని మేం రాయలేదు కదా, కర్టెన్ ఉందన్నాం, కర్టెన్ ఉంది అన్నాడు. హాంకాంగ్‌లో గెస్ట్ హౌస్‌లకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, దాని గుర్తు తలుపు దగ్గర కనిపించాలి. అది చూసుకోండి, కానీ దాన్నే నమ్ముకోకండి, మా దాని తలుపు మీదా ఉంది. గది ఎన్ని చదరపు అడుగులు, కిటికీ తెరుచుకుంటుందా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి.

పన్నెండున లాంటావ్ ద్వీపంలో పెద్ద బుద్ధుడి దగ్గరికి వెళ్ళాం. తుంగ్ చుంగ్ నుంచి 23 నంబరు బస్సు, కొండల మీదుగా. మెట్లు 268, అత్తయ్య మోకాళ్ళతో కష్టమని కిందే కూర్చున్నారు. అక్కడి పో లిన్ మఠంలో భోజనం మాత్రం మరిచిపోను. చైనావాళ్ళ బౌద్ధ మఠాల వంటలో ఉల్లి, వెల్లుల్లి వేయరు. ఆ సంగతి తెలిసినప్పుడు అత్తయ్య ముఖం చూడాలి! పుట్టగొడుగుల కూర, వేయించిన సోయా పనీర్, ఆకుకూర, చారులాంటి సూప్, అన్నం. నలుగురికి 480 డాలర్లు. పుట్టగొడుగులు పక్కన పెట్టి తక్కినవన్నీ తిన్నారు, అన్నం రెండోసారి వడ్డించుకున్నారు. ఊరు దాటాక ఆవిడ కడుపునిండా తిన్నది అదే మొదటిసారి. శాకాహారులెవరైనా హాంకాంగ్ వెళ్తే ఒక పూట అక్కడికి కేటాయించండి.

పదమూడున మా వారు ఆఫీసుకు వెళ్ళొచ్చారు. సాయంత్రం సాయ్ వాన్ హోలో ఒక ఫ్లాట్ చూశాం. 430 చదరపు అడుగులు, రెండు పడకగదులు, అద్దె 21,000, మన డబ్బుల్లో రెండు లక్షల పాతిక వేల పైమాట. ఏజెంటుకు సగం నెల అద్దె అదనం. వంటగదిలో ఇద్దరం నిలబడలేకపోయాం. కిటికీ ఉంది, నిజమైనదే, ఎదుటి భవనం వంటగది కనిపిస్తుంది. అయినా మా వారి మొగ్గు ఇటే. పన్ను తక్కువ, జీతంలో నెలనెలా కోతుండదు, ఏడాదికోసారి బిల్లు కట్టుకోవడమే. ఊరి భూమిలో నాలుగో వంతుకు పైగా కొండలు, అడవులే, ప్రభుత్వం పార్కులుగా కాపాడుతోంది. ఆఫీసు నుంచి అరగంటలో కొండ దారి పట్టొచ్చు. ఆయనకు నడక ప్రాణం.

ఆ రాత్రి మంచం మీద కూర్చుని ఆయన గొంతు తగ్గించి చెప్పారు. అక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళు భార్యను, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలను తెచ్చుకోవచ్చు, తల్లిదండ్రులను కాదు. అత్తయ్య రావాలంటే ప్రతిసారీ ఆ పద్నాలుగు రోజులే. పక్క మంచం మీద ఆవిడ అటు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రపోయారో లేదో నాకిప్పటికీ తెలియదు.

అదే రాత్రి తొరాజి తుఫాను. బాగా పొద్దుపోయాక ఎనిమిదో నంబరు హెచ్చరిక ఎగరేశారు. నవంబరులో ఎనిమిదో నంబరు రావడం చాలా అరుదు అని మర్నాడు వార్తల్లో చెప్పారు. మన రేవుల్లో ఎగరేసే హెచ్చరికల్లాగే వీళ్ళకీ నంబర్లున్నాయి. అత్తయ్య పుట్టిల్లు అవనిగడ్డ దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెననాటికి ఆవిడకు పంతొమ్మిదేళ్ళు. ఎనిమిదో నంబరు అని పాప అనగానే లేచి కూర్చున్నారు. మా వారు ఫోన్‌లో మ్యాపు చూపించి, తుఫాను పక్కనుంచి పోతుంది, ఇక్కడి భవనాలు గట్టివి అని ఎంత చెప్పినా ఆవిడది ఒకటే మాట: "గాలి వినపడట్లేదురా. వినపడకపోతే ఎంతొచ్చిందో ఎలా తెలుస్తుంది?" చుట్టూ గోడలే. తెల్లారేదాకా తలుపు ఓరగా తీసి పెట్టుకుని కూర్చున్నారు, నేనూ పక్కనే కూర్చున్నాను.

నిజానికి పెద్దగా ఏమీ కాలేదు. మధ్యాహ్నానికి బస్సులు తిరిగాయి. ఆ ఊరి ఏర్పాట్లకు దణ్ణం పెట్టాలి, ఏది ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు మొదలవుతుందో ముందే చెప్తారు, చెప్పినట్టే చేస్తారు. స్టాక్ ఎక్స్‌చేంజీ కూడా ఆపలేదు. ఇంతకు ముందు ఎనిమిదో నంబరు వస్తే మార్కెట్‌కు సెలవట. ఆ సెప్టెంబరు నుంచి తీసేశారు, తుఫానులో ట్రేడింగ్ నడవడం మేమున్న రోజే తొలిసారి. మా వారితో పనిచేయబోయే టీమంతా పొద్దున్నే ఇంటి నుంచి లాగిన్ అయ్యారు. ఏడాదికి దొరికే రెండు మూడు సెలవులు కూడా పోయినట్టే కదా అని నాకనిపించింది.

సాయంత్రం స్టార్ ఫెర్రీ ఎక్కాం. పై అంతస్తుకు అప్పుడు ఐదు డాలర్లు. ప్రపంచంలో ఇంత తక్కువకు ఇంత అందం ఇంకెక్కడా దొరకదనుకుంటాను. దాన్ని మొదలుపెట్టింది మన దేశం నుంచి వెళ్ళిన ఒక పార్సీ పెద్దమనిషి. చెక్క బెంచీల వీపును అటూ ఇటూ తిప్పుకోవచ్చు, ఎటు వెళ్తుంటే అటు ముఖం పెట్టి కూర్చోవచ్చు. పాప పదిసార్లు తిప్పింది. నాలుగు రోజుల తర్వాత అత్తయ్య ముఖానికి గాలి తగిలింది. కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మా వారు మాట్లాడలేదు.

ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో 300 కోశారు, తువ్వాలు మీద పసుపు మరకట. బుకింగ్ సైటుకు ఫొటోలతో సహా రాస్తే మూడు వారాలకు ఒక రాత్రి డబ్బు, 980, వెనక్కి వచ్చింది.

పదిహేను మధ్యాహ్నానికి సింగపూర్. హోటల్ సెరంగూన్ రోడ్డు దగ్గర, రాత్రికి 165 సింగపూర్ డాలర్లు, అంటే పదివేల నాలుగొందలు. చిన్న గదులే, కిటికీలు తెరుచుకున్నాయి. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. ఆ సాయంత్రం వీరమాకాళి అమ్మన్ గుడిలో అత్తయ్య 365 వత్తులు వెలిగించారు. పక్కనున్న తమిళావిడ గాలికి కొంగు అడ్డం పెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు.

ఇక్కడా ఇబ్బందులున్నాయి. ఉక్క. రోజూ మధ్యాహ్నం వాన. రెస్టారెంట్ మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులుంటే పది శాతం సర్వీసు, ఆ పైన తొమ్మిది శాతం పన్ను అని అర్థం. తెలియక 62 డాలర్ల భోజనానికి 74 పైన కట్టాం. చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో ఆ బాధ లేదు, తిన్న పళ్ళెం మీరే తీసుకెళ్ళి పెట్టాలి, అంతే. సర్కారు బడుల్లో విదేశీ పిల్లలకు సీటు చివర్లో మిగిలితేనే. తమిళం అధికార భాష, బడిలో హిందీ, గుజరాతీ కూడా తీసుకోవచ్చు, తెలుగు లేదు. ఆదివారం లిటిల్ ఇండియాలో మాత్రం శ్రీకాకుళం యాస వినిపించింది, కట్టడాల పనికి వచ్చిన కుర్రాళ్ళు. టెక్కా మార్కెట్లో దొండకాయలు, కరివేపాకు చూసి అత్తయ్య వాళ్ళలో ఒకబ్బాయి చేత ధర అడిగించి మరీ బేరమాడారు.

సోమవారం సెంగ్‌కాంగ్‌లో ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్ చూశాం. ఆ దేశంలో పదిమందిలో ఎనిమిదిమంది ఉండేది అలాంటి ఇళ్ళలోనే. నాలుగు గదుల ఇల్లంటే అక్కడి లెక్కలో మూడు పడకగదులు, హాలు. 90 చదరపు మీటర్లు, అద్దె 3,500, అంటే రెండు లక్షల ఇరవై వేలు. హాంకాంగ్ ఇంటి అద్దే, ఇల్లు రెండింతలు. కింద అంతస్తంతా గోడల్లేకుండా ఖాళీగా వదిలేస్తారు, ముసలివాళ్ళు బల్లల దగ్గర కూర్చుని చదరంగం ఆడుతున్నారు. అత్తయ్య వాళ్ళ పక్కన కూర్చుంటే ఒకాయన జరిగి చోటిచ్చాడు. జీతం నెలకు 12,000 డాలర్లుంటే తల్లిదండ్రులను తెచ్చుకుని ఉంచుకోవచ్చు. మా వారికి చెప్పిన జీతం 12,800.

కొండలు పోయాయని ఆయనకు రెండు రోజులు దిగులే. మూడో రోజు కాగితాల మీద సంతకం పెట్టారు. తొమ్మిదో అంతస్తు, బాల్కనీ లేదు. తులసి కుండీ కారిడార్‌లో పెట్టుకోవచ్చా అని ఏజెంటుకు రాయమన్నారు అత్తయ్య. పెట్టుకోండి, మనుషులు నడవడానికి నాలుగడుగుల దారి వదిలితే చాలు అని జవాబొచ్చింది. కుండీ ఎంత వెడల్పుదైతే సరిపోతుందో ఆవిడ నిన్న టేపు పెట్టి కొలుచుకున్నారు.