లిబ్‌యూవీ రెండేళ్లు వాడాక: క్యాన్సిల్, కాల్‌బ్యాక్, మెమరీ

మాది నెల్లూరు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ల రీడింగులు సర్వర్‌కి పంపే ప్రోగ్రామ్ సీ భాషలో రాశాను, గట్టు మీద షెడ్డులో చిన్న పెట్టెలో నడుస్తుంది. జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌లు నడిపే నోడ్ జేఎస్ కింద ఉండే లిబ్‌యూవీ లైబ్రరీనే దీనికీ వాడాను. టైమర్లు, నెట్‌వర్క్ లాంటి పనులు ఆగకుండా నడిపించేది అదే. టైమర్లు, నెట్‌వర్క్ అన్నీ బాగున్నాయి. కొత్తవాళ్లు దెబ్బతినేది, మొదలుపెట్టిన పనిని క్యాన్సిల్ చేసే దగ్గర, అందుకే ఇది రాస్తున్నా.

గుంటల దగ్గర సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సర్వర్ అడ్రస్ కోసం యూవీ_గెట్‌అడ్రస్‌ఇన్ఫో పిలిచి, 10 సెకన్లలో రాకపోతే యూవీ_క్యాన్సిల్ చేసి, వెంటనే ఆ రిక్వెస్ట్ మెమరీని ఫ్రీ చేసేవాణ్ని, అంటే సిస్టమ్‌కి తిరిగి ఇచ్చేసేవాణ్ని. ఇంట్లో ఎప్పుడూ ఆగలేదు. గుంట దగ్గర మాత్రం తెల్లవారుజామున, సరిగ్గా నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళకే క్రాష్. రైతు ఫోన్ చేసి "అబ్బయా, రీడింగు రావడంలే, ఏరేటర్లు వేసేదా వద్దా" అంటే నాకు చెమటలు పట్టేవి.

మెమరీ తప్పులు పట్టించే అడ్రస్ శానిటైజర్ అనే టూల్‌తో నడిపితే తెలిసింది, ఫ్రీ చేసేసిన మెమరీనే లైబ్రరీ మళ్లీ తాకుతోంది. తప్పు నాదే, కాల్‌బ్యాక్ (పని ముగిశాక లైబ్రరీ పిలిచే మన ఫంక్షన్) వచ్చేదాకా ఆ మెమరీ వదలకూడదని డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉంది. క్యాన్సిల్ సక్సెస్ అయినా కాల్‌బ్యాక్ వస్తుంది, కాకపోతే కాస్త తర్వాత, క్యాన్సిల్ అయిందన్న కోడ్‌తో. ఆ వెతుకులాట చేసే థ్రెడ్ (వెనకాల విడిగా నడిచే పని) అప్పటికే మొదలుపెట్టి ఉంటే అసలు క్యాన్సిలే కాదు, యూవీ_ఈబిజీ అనే ఎర్రర్ కోడ్ వస్తుంది, ఎందుకంటే సిస్టమ్ కాల్‌లో ఇరుక్కున్న థ్రెడ్‌ని మధ్యలో ఆపే క్షేమమైన దారి లేదు. సిగ్నల్ లేనప్పుడు నాకు దాదాపు ప్రతిసారీ ఇదే. ఆ పని ఎప్పుడో పూర్తయి ఫలితం వస్తుంది, మనకిక అక్కర్లేకపోయినా దాన్ని యూవీ_ఫ్రీఅడ్రస్‌ఇన్ఫోతో వదిలించాలి, లేదంటే మెమరీ లీకే.

ఇంకో చిక్కు, ఆ 10 సెకన్ల టైమర్ కూడా రిక్వెస్ట్ ఉన్న స్ట్రక్చర్‌లోనే (ఒకే మెమరీ ముక్కలో) ఉంది. టైమర్ని మూసే యూవీ_క్లోజ్ పిలిచినంత మాత్రాన దాని పని అయిపోదు, క్లోజ్ కాల్‌బ్యాక్ కూడా రావాలి. అందుకని, రావాల్సిన కాల్‌బ్యాక్‌లు రెండు కాబట్టి, స్ట్రక్చర్‌లో 2 అని ఒక లెక్క పెట్టుకున్నా, ఏ కాల్‌బ్యాక్ వచ్చినా ఒకటి తగ్గించి, సున్నా అయ్యాకే ఫ్రీ. టైమ్ దాటిపోయిందని గుర్తుకి ఒక ఫ్లాగ్. ఇంకో మాట, అడ్రస్ వెతుకులాట క్యాన్సిల్ అయితే వచ్చే కోడ్ యూవీ_ఈఏఐ_క్యాన్సిల్డ్, యూవీ_ఈక్యాన్సిల్డ్ కాదు. నేను రెండోదాన్నే చూసుకుంటూ ఒక పూట పోగొట్టుకున్నా.

ఇలా మార్చాక మళ్లీ క్రాష్ కాలేదు. నా రేటింగ్ 5కి 4. ఆ ఒకటి ఎందుకు తగ్గించానంటే, అడ్రస్ వెతికే ఫంక్షన్‌కి టైమవుట్ ఇచ్చే వీలు లేదు, ఈ టైమర్, లెక్క, ఫ్లాగ్ అన్నీ ఎవరికి వాళ్లు చేత్తో రాసుకోవాల్సిందే.