ఏరోజెల్ చుట్టి నాలుగేళ్లు దాటింది, నా అనుభవం

స్టీమ్ పైపులకి వేడి బయటికి పోకుండా ఏరోజెల్ షీటు (ఏరోజెల్ పట్టించిన పీచు దుప్పటి) చుట్టి నాలుగేళ్లు దాటింది, ఇప్పుడు రాస్తే నమ్మకంగా రాయగలను అనిపించింది. మా దగ్గర పైపుకీ గోడకీ మధ్య సందు బాగా తక్కువ, 50 ఎంఎం రాక్‌వుల్ (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి పీచు) అసలు దూరదు, అందుకని 10 ఎంఎం ఏరోజెల్ రెండు చుట్లు వేశాం. లోపల 150 డిగ్రీల ఆవిరి పోతున్నా పైన అరచెయ్యి ఆనించగలుగుతున్నా, ఇవాళ్టికీ.

సిలికా ఏరోజెల్ అంటే ఇసుకలో ఉండే సిలికాతోనే చేసిన, సన్నసన్న రంధ్రాలతో నిండిన ఘనపదార్థం, అందులో 95 శాతం పైనే గాలి. గాలి అణువు ఇంకో అణువుని గుద్దాలంటే దాదాపు 70 నానోమీటర్లు పోవాలి, ఇందులో రంధ్రాలు చాలావరకు అంతకన్నా చిన్నవి, అణువు పోయి రంధ్రం గోడకి కొట్టుకుంటుందే తప్ప వేడిని పక్కదానికి అందించలేదు, అందుకే కదలని గాలికన్నా కూడా ఇది వేడిని బాగా ఆపుతుంది. 1931లోనే కిస్లర్ అనే అమెరికన్ కెమిస్ట్ దీన్ని చేశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా టేబుల్ మీద పీచు కలపని అచ్చమైన ఏరోజెల్ ముక్క ఒకటి ఉండేది. నల్లగుడ్డ మీద పెడితే గడ్డకట్టిన పొగలా నీలంగా, లైటుకి ఎదురుగా పట్టుకుంటే పసుపుగా కనబడేది, చేతిలో ఉందో లేదో తెలిసేది కాదు. ఒకరోజు దానిమీద నీటిచుక్క పడింది, కళ్లముందే పగిలి కుంగిపోయింది, చాలా బాధేసింది. పైపుల షీటుకి మాత్రం నీళ్లు అంటకుండా ట్రీట్‌మెంట్ ఉంటుంది, తామరాకు మీద బొట్టులా జారిపోతాయి.

అసలు ఇబ్బంది దుమ్ము. కోస్తుంటే తెల్లపొడి లేచి చేతులు ఎండిపోయి పెళుసుబారతాయి, ఉత్త నీళ్లతో కడిగితే పోదు, మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా దయచేసి ముట్టుకోకండి. ఇంకోటి, మేం మొదట్లో రెండు చుట్ల అతుకులూ ఒకేచోట పెట్టేశాం, ఆ గీత పొడవునా పైకి వేడి తన్నింది, విప్పి అతుకు మీద అతుకు రాకుండా మళ్లీ చుట్టాకే సర్దుకుంది. షీటు మీద కట్టే వైరు కూడా మరీ బిగించకూడదు, నొక్కుకుపోయి అక్కడ మందం తగ్గిపోతుంది.

మొన్న వాల్వ్ పనికోసం ఒకచోట విప్పాం. షీటు పొడిగా ఉంది, పైపుకి తుప్పు లేదు. పంపు పక్కన ఎప్పుడూ అదిరే చోట మాత్రం పొడి రాలి కింద రేకులో పేరుకుంది, ఆ రెండడుగులూ కొత్తది వేశాం.