జావా నుంచి ఓపెన్‌జీఎల్: ఎల్‌డబ్ల్యూజేజీఎల్ 3 రివ్యూ

గ్రాఫిక్స్‌కు వాడే ఓపెన్‌జీఎల్, వల్కన్, విండోలు తెరిచే జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూలకు జావా బైండింగ్ (వాటిని జావా నుంచి పిలిచే కోడ్) సొంతంగా రాసుకోవడం కన్నా ఎల్‌డబ్ల్యూజేజీఎల్ 3 అనే జావా లైబ్రరీ వాడటమే మేలు. అయినా మెమరీ బాధ్యత మాత్రం మీదే. నేటివ్ కోడ్‌కు (జావా బయటి కోడ్‌కు) బఫర్ ఇస్తే అది డైరెక్ట్ బఫరే, అంటే జావా హీప్ బయటి మెమరీయే, కావాలి. హీప్‌లోని అర్రేలను గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడైనా జరపవచ్చు, అప్పుడు పాత అడ్రస్ చెల్లదు. బఫర్ నిండాక ఫ్లిప్ చేయడం (చదివే స్థానాన్ని మొదటికి తేవడం) మరిస్తే మిగిలిన పొడవు సున్నా అవుతుంది: ఎర్రరూ రాదు, తెరమీద బొమ్మా రాదు. చిన్న కేటాయింపులకు మెమరీస్టాక్ (ప్రతి థ్రెడ్‌కూ ఉండే తాత్కాలిక మెమరీ) ఎంతో హాయి, కానీ డిఫాల్ట్‌గా థ్రెడ్‌కు 64 కిలోబైట్లే. పెద్ద టెక్స్చర్లకు (బొమ్మల డేటాకు) మెమరీ కేటాయించే మెమ్‌అలాక్ వాడి, పనయ్యాక దాన్ని విడుదల చేసే మెమ్‌ఫ్రీ పిలవాలి. మరిచిన చోట్లను డీబగ్ అలకేటర్ చూపిస్తుంది. ఓపెన్‌జీఎల్ కాంటెక్స్ట్‌ను (దాని స్థితినంతా ఉంచే వస్తువును) కరెంట్ చేశాక, అదే థ్రెడ్‌లో ఓపెన్‌జీఎల్ ఫంక్షన్లను సిద్ధం చేసే క్రియేట్‌కేపబిలిటీస్ పిలవడం తప్పనిసరి. మ్యాక్‌లో జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ విండోకు ఎక్స్‌స్టార్ట్‌ఆన్‌ఫస్ట్‌థ్రెడ్ అనే జావా ఆప్షన్ కావాలి. ప్రతి ప్లాట్‌ఫారానికీ దాని నేటివ్ జార్ (ఆ ప్లాట్‌ఫారం లైబ్రరీలున్న ఫైలు) విడిగా చేర్చండి.