రెండేళ్లుగా నా కాలి కింద ఉన్న పాడ్ గో

మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ (గిటార్ సౌండ్‌ని మార్చే రకరకాల ఎఫెక్ట్‌లన్నీ ఒకే పెట్టెలో ఉండి, కాలితో నొక్కి వాడేది) కొనాలనుకునే కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, దేంట్లో సౌండ్ బాగుంటుంది?" నేను జవాబు చెప్పకుండా, "నువ్వు నిలబడి వాయిస్తావా, కూర్చుని వాయిస్తావా? వాయిస్తూ పాడతావా?" అని అడుగుతాను. ఇప్పుడు వచ్చే పెడళ్లలో సౌండ్ బాగాలేనిదాన్ని వెతకడమే కష్టం. తేడా అంతా కాలి దగ్గరే ఉంటుంది. పాట మధ్యలో వంగకుండా, తాళం తప్పకుండా, ఒక్క నొక్కుతో కావలసిన సౌండ్‌కి వెళ్లగలగాలి. నేను రెండేళ్లుగా ప్రతి వారం రిహార్సల్‌లో వాడుతున్న లైన్ 6 పాడ్ గో గురించి ఏం రాసినా ఆ కోణం నుంచే రాస్తాను.

మా బ్యాండులో నలుగురం. నేను రెండో గిటారిస్టుని, కోరస్‌లో గొంతు కూడా కలుపుతాను. మొదట్లో ఐదు విడి పెడళ్లు ఒక పెట్టెలో వేసుకుని తిరిగేవాణ్ణి. వాటిని కలిపే చిన్న కేబుళ్లలో ఏదో ఒకటి ఎప్పుడూ కరకరలాడేది. అది ఏదో తెలుసుకోవడానికి ఒక్కొక్కటీ పీకి చూసేసరికి మిగతా ముగ్గురూ వాయిద్యాలు కింద పెట్టి కూర్చునేవాళ్లు. ఆ బాధ పడలేక ఒక చిన్న మల్టీ ఎఫెక్ట్స్ కొన్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పది నిమిషాలు విని, సౌండ్ నచ్చి కొనేశాను. స్విచ్‌లు రెండే: ఒకటి పైకి, ఒకటి కిందికి. ముందే అమర్చి దాచుకున్న సౌండ్‌ని ప్రీసెట్ అంటారు. చరణానికి ఒకటో ప్రీసెట్, కోరస్‌కి రెండోది, సోలోకి మూడోది అనుకోండి. సోలో నుంచి మళ్లీ చరణానికి రావాలంటే రెండుసార్లు నొక్కాలి. మధ్యలో ఉన్న రెండోది ఒక్క క్షణం గట్టిగా మోగి పోయేది. పైగా ప్రీసెట్ మారిన ప్రతిసారీ కనురెప్ప పాటు నిశ్శబ్దం. ఆరు నెలలు అలాగే నెట్టుకొచ్చి, ఇక వద్దనుకున్నాను.

అందుకే రెండోసారి కొనేటప్పుడు హెడ్‌ఫోన్స్ జోలికి పోలేదు. పెడల్‌ని నేల మీద పెట్టించి, బూట్లు వేసుకునే నిలబడి, స్క్రీన్ కనబడుతోందా, ఒక స్విచ్ నొక్కబోతే పక్కది తగులుతోందా అని చూశాను. మీరూ కొనే ముందు ఇదే చేయండి. గిటార్ తగిలించకపోయినా సగం విషయం తెలిసిపోతుంది.

పాడ్ గో 2020లో వచ్చింది. లైన్ 6 వాళ్ల హీలిక్స్ అనే పెద్ద యంత్రంలోని యాంప్ మోడళ్లనే (అసలు గిటార్ యాంప్లిఫయర్ల సౌండ్‌ని అనుకరించేవి) తెచ్చి, చిన్న, తేలికైన పెట్టెలో పెట్టారు. బరువు రెండున్నర కిలోల లోపే, భుజాన తగిలించుకునే సంచిలో పట్టేస్తుంది. కాలి స్విచ్‌లు ఎనిమిది. వాటిలో ఆరు ఎఫెక్ట్‌లకి, ఒకటి మోడ్ మార్చడానికి, ఒకటి టెంపోకి. ఆ టెంపో స్విచ్‌నే కాసేపు నొక్కి పట్టుకుంటే ట్యూనర్ వస్తుంది. ప్రతి స్విచ్ చుట్టూ రంగు వెలుగు ఉంటుంది. నేను డ్రైవ్‌లన్నీ (సౌండ్‌ని గరగరలాడించేవి) ఒక రంగు, డిలేలన్నీ (మీటింది కాసేపటికి మళ్లీ పలికించేవి) ఇంకో రంగు పెట్టుకున్నాను. లైట్లు ఆర్పేసిన స్టేజీ మీద అక్షరాలు చదివే టైమ్ ఉండదు, రంగు చాలు.

ఒక ప్రీసెట్‌లో పది గదులు ఉంటాయని ఊహించుకోండి. వాటిలో ఆరు గదులు ఎవరెవరివో ముందే రాసిపెట్టి ఉన్నాయి: వా (స్వరాన్ని "వా వా" అనిపించేది), వాల్యూమ్, యాంప్, క్యాబ్ (స్పీకర్ పెట్టె అనుకరణ), ఈక్యూ (బేస్, ట్రెబుల్ సరిచేసేది), ఎఫెక్ట్స్ లూప్ (బయటి పెడల్‌ని మధ్యలో కలిపే దారి). మిగిలిన నాలుగు గదులే మనవి. ఓవర్‌డ్రైవ్, కోరస్ ఎఫెక్ట్ (సౌండ్‌ని చిక్కగా చేసేది), డిలే, రివెర్బ్ (గదిలో మోగిన గుంజాటన ఇచ్చేది) వేసేసరికి నిండిపోతాయి. ఒకేసారి రెండు యాంప్‌లు కలిపి వాడటం కుదరదు. బరువైన రివెర్బ్ లాంటిది ఒకటి పెడితే ప్రాసెసర్ శక్తి అయిపోయి, లిస్టులో కొన్ని పేర్లు ఎంచుకోవడానికి వీల్లేకుండా వెలిసిపోతాయి. వేరే పరికరాలతో కలిపి నడిపే గుండ్రటి ఐదు పిన్నుల మిడి సాకెట్ లేదు, బ్యాటరీతో నడవదు. వీటిలో ఏదైనా మీకు తప్పనిసరైతే ఇది మీ పెడల్ కాదు. నాకైతే ఆ నాలుగు గదుల హద్దే మేలు చేసింది. ఏది నిజంగా కావాలో తేల్చుకోక తప్పలేదు.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెప్తాను. ఇంట్లో కూర్చుని సాధన చేసేవాళ్లకి బాస్ జీటీ-1, జూమ్ జీ1ఎక్స్ ఫోర్ చాలా సుఖం. రెండూ నాలుగు డబుల్ ఏ బ్యాటరీలతో నడుస్తాయి, రెండింటికీ కాలితో ఊపే పెడల్ ఉంది. విడి పెడళ్లు ఇప్పటికే బోలెడు ఉండి, వాటి మధ్య ఒక యాంప్ మోడల్ మాత్రమే కావాలంటే హెచ్ఎక్స్ స్టాంప్ చూడండి. అరచేతి కన్నా కొంచెం పెద్దది, కానీ స్విచ్‌లు మూడే.

ఇక అమర్చుకోవడం. పెడల్ ఏదైనా, ఫ్యాక్టరీ ప్రీసెట్లు విని నిరాశపడకండి, మురిసిపోకండి కూడా. అవి ఒంటరిగా వాయించినప్పుడు అదరగొట్టేలా చేసినవి. రివెర్బ్, డిలే, గెయిన్ (గరగర ఎంతన్నది) అన్నీ ఒక మెట్టు ఎక్కువే ఉంటాయి. నేను ఖాళీ ప్రీసెట్‌తో మొదలుపెట్టాను. పేర్లు మొదట అయోమయంగా ఉంటాయి. యుఎస్ డీలక్స్ అంటే ఫెండర్ డీలక్స్ రివెర్బ్, ఎసెక్స్ ఏ30 అంటే వాక్స్ ఏసీ30, బ్రిట్ ప్లెక్సీ అంటే మార్షల్, స్క్రీమ్ 808 అంటే ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ అని గుర్తుపెట్టుకుంటే దారి దొరుకుతుంది. నేను ఎసెక్స్ దగ్గర ఆగాను. గట్టిగా మీటితే కాస్త గరగర, మెల్లగా మీటితే శుభ్రంగా మోగే చోట డ్రైవ్ ఉంచి, ముందు స్క్రీమ్ 808 పెట్టాను. దాని గెయిన్ దాదాపు సున్నా, లెవెల్ మాత్రం బాగా పైకి. రెండు వారాలు ఇంట్లో కూర్చుని దీన్ని చెక్కుకున్నాను.

ఆ తర్వాత రిహార్సల్‌కి వెళ్తే పాట సగంలో మా బేస్ గిటార్ తమ్ముడు ఆపేశాడు. "అన్నా, నువ్వు వాయిస్తున్నావని తెలుస్తోంది గానీ ఏం వాయిస్తున్నావో తెలియట్లేదు. గుంయ్ అని ఒకటే మోత" అన్నాడు. డ్రమ్మర్ వైపు చూస్తే వాడూ తలూపాడు. ఇంట్లో అంత నిండుగా వినిపించిన సౌండ్ అది!

దీనికి కారణం చెవిలోనే ఉంది. 1933లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ చాలా తక్కువగా వినిపిస్తుంది, బాగా పైనుండే ట్రెబుల్ కూడా కొంత తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి ఇంట్లో మనం బేస్, ట్రెబుల్ పెంచి, మిడ్ (ఆ రెండింటి మధ్య ఉండే స్వరాలు) తగ్గిస్తాం. అదే సౌండ్‌ని డ్రమ్స్ పక్కన గట్టిగా మోగిస్తే పెంచిన బేస్ వెళ్లి బేస్ గిటార్ మీద పడుతుంది, ట్రెబుల్ సింబల్స్‌లో కలిసిపోతుంది. గిటార్ నిజంగా వినపడాల్సిన మిడ్ దగ్గర మాత్రం గొయ్యి ఉంటుంది.

ఆ రోజు అందరూ ఓపికగా ఒకే కోరస్‌ని పదిసార్లు వాయించారు, నేను నేల మీద కూర్చుని నాబ్‌లు తిప్పాను. క్యాబ్ బ్లాక్‌లో (బ్లాక్ అంటే ముందు చెప్పిన గదే) లో కట్, హై కట్ అని రెండు ఉంటాయి: ఒకటి కింది స్వరాల్ని, ఇంకోటి పై స్వరాల్ని కోస్తుంది. ముందు లో కట్‌ని 100 హెర్ట్జ్‌కి తెచ్చాను. గిటార్ ఆరో తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది కాబట్టి అది పోతుందేమోనని భయపడ్డాను. పోలేదు. ఆ తీగని మనం గుర్తుపట్టేది దాని పైస్వరాలతోనే, కింది బరువుని బేస్ గిటార్ మోస్తుంది. తర్వాత హై కట్‌ని పై నుంచి మెల్లగా దించుకుంటూ వచ్చాను. 6 కిలోహెర్ట్జ్ దగ్గరకి వచ్చేసరికి చెవిలో ఈగ తిరుగుతున్నట్టు ఉన్న ఆ గీర మాయమైంది. అసలు గిటార్ యాంప్ స్పీకర్లు 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకవు, మిక్సర్‌కి నేరుగా వెళ్లినప్పుడే ఆ చెత్త అంతా వినిపిస్తుంది. చివరగా మిడ్‌ని రెండు గీతలు పెంచి, రివెర్బ్‌ని సగానికి తగ్గించాను. అదే సౌండ్‌ని ఇంటికొచ్చి మెల్లగా వింటే పల్చగా, ముక్కుతో మాట్లాడినట్టు ఉంది. అయినా ముట్టుకోలేదు. ఇంటికి వేరే ప్రీసెట్ చేసుకున్నాను, స్టేజీది స్టేజీదే.

ఇంకొక సంగతి కూడా ముందే తెలిసుంటే నాకు ఒక సాయంత్రం మిగిలేది. పాడ్ గో పక్కన ఉన్న, కాలితో ఊపే ఎక్స్‌ప్రెషన్ పెడల్‌ని ముందుకి, వేళ్ల వైపు గట్టిగా నొక్కితే లోపల ఒక స్విచ్ మారుతుంది. ఒక నొక్కుకి అది వా, ఇంకో నొక్కుకి వాల్యూమ్. ఒక ప్రోగ్రామ్‌లో వా అయిపోయాక నొక్కి ఆఫ్ చేశాననుకుని, అలవాటుగా పెడల్‌ని మడమ వైపు వెనక్కి లాగాను. గిటార్ పూర్తిగా మూగబోయింది. కేబుల్ పీకాను, పెట్టాను, మిక్సర్ దగ్గర ఉన్నాయనకి సైగ చేశాను, చెమటలు పట్టాయి. జరిగింది ఒకటే: పెడల్ వాల్యూమ్‌గా మారింది, నేను దాన్ని సున్నాకి లాగాను. ఇప్పుడు నా స్టేజీ ప్రీసెట్లలో వాల్యూమ్ కనిష్ఠాన్ని సున్నాకి బదులు 60 శాతం దగ్గర పెట్టుకున్నాను. మడమ వైపు ఎంత లాగినా గిటార్ మాయం కాదు, మెత్తబడుతుందంతే.

నా రెండో గిటారిస్టు పనిని నిజంగా తేలిక చేసినవి స్నాప్‌షాట్‌లు. ఒక ప్రీసెట్‌లోనే నాలుగు స్థితులు గుర్తుపెట్టుకుంటుంది: ఏ ఎఫెక్ట్ ఆన్‌లో ఉంది, ఏ నాబ్ ఎంతలో ఉంది అని. ప్రీసెట్ మారదు కాబట్టి మధ్యలో నిశ్శబ్దం రాదు, డిలే తోక తెగదు. నావి శుభ్రం, గరగర, గట్టి, సోలో. సోలోకి నేను డ్రైవ్ పెంచను. డ్రైవ్ పెంచితే సౌండ్ ఇంకా నలిగి వెనక్కే పోతుంది. యాంప్‌లో చానెల్ వాల్యూమ్‌ని 3 డెసిబెల్స్ పెంచి, కాస్త డిలే కలుపుతాను. అంతే, గిటార్ అడుగు ముందుకి వేస్తుంది. శుభ్రమైన సౌండ్‌నీ డ్రైవ్ సౌండ్‌నీ సమం చేయడం మాత్రం మీటర్ చూసి చేయకండి. డ్రైవ్‌లో శిఖరాలు అణిగిపోయి ఉంటాయి, మీటర్ తక్కువ చూపిస్తున్నా చెవికి ఎక్కువే. బ్యాండు మోగుతుండగా చెవితోనే సరిచూసుకోవాలి.

డిలేకి లెక్క తేలిక. 60,000ని పాట టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్లో దానితో) భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 96 టెంపో పాటకి 625. అందులో ముప్పావు, అంటే సుమారు 469 పెడితే, ఎనిమిదో నోట్లు మీటుతుంటే మధ్య ఖాళీల్లో డిలే వచ్చి కూర్చుంటుంది. లెక్క వద్దనుకుంటే టెంపో స్విచ్‌ని నాలుగుసార్లు తాళానికి తొక్కండి.

గిటార్ యాంప్‌కి తగిలించేవాళ్లకి ఒక మాట. క్యాబ్ బ్లాక్ ఆపేయండి. ఆ బ్లాక్ చేసేది స్పీకర్ పని, యాంప్‌లో నిజం స్పీకర్ ఎలాగూ ఉంది. రెండూ కలిస్తే దుప్పటి కప్పినట్టు ఉంటుంది. యాంప్ వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ అనే సాకెట్ ఉంటే అందులోకి పంపండి. మిక్సర్‌కి వెళ్తే మాత్రం క్యాబ్ ఉండి తీరాలి.

అడాప్టర్ దానితో వచ్చిందే వాడండి. 9 వోల్టులే కదా అని పాత పెడల్ అడాప్టర్ గుచ్చితే పని జరగదు, దీనికి 3 ఆంపియర్లు కావాలి. ఫర్మ్‌వేర్ (పెడల్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసే ముందు ప్రీసెట్లన్నీ కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసుకోండి. నెలల తరబడి చెవితో దిద్దుకున్నవి మళ్లీ గుర్తుకు రావు.

పాత పెట్టెలోని ఐదు పెడళ్లలో నాలుగు నేర్చుకుంటున్న పిల్లలకి ఇచ్చేశాను. ఒక ఓవర్‌డ్రైవ్‌ని మాత్రం ఉంచుకున్నాను. పెయింట్ లేచిపోయింది, నాబ్ ఒకటి వదులు. స్క్రీమ్ 808తో పక్కపక్కన పెట్టి చాలాసార్లు విన్నాను, కళ్లు మూసుకుంటే ఏది ఏదో చెప్పలేకపోయాను. అయినా పాడ్ గోకి ముందు అది ఇప్పటికీ ఉంది, దాన్ని తీయను.