విక్టోరియా కాలంలో దూరపు చుట్టానికి: కవరు ఉత్తరమా, కార్డు ముక్కా?

లండన్‌లో ఉన్నావిడ ఎడిన్‌బరోలోని వేలువిడిచిన చెల్లెలికి క్షేమసమాచారం రాయాలంటే 1870 అక్టోబరు 1 నుంచి రెండు దారులు.

ఖర్చు: ఉత్తరానికి ఒక పెన్నీ, కాగితం, కవరు అదనం. కార్డుకు అర పెన్నీ, స్టాంపు దానిమీదే అచ్చయి ఉండేది.

చోటు: కార్డుకు ఒకవైపు చిరునామా మాత్రమే, కబుర్లన్నీ రెండోవైపే. ఉత్తరానికి బరువే హద్దు: మొదట అర ఔన్సు, 1871 నుంచి ఒక ఔన్సు. ఇక్కడే నాకు ముచ్చటేసే అలవాటొకటి ఉంది. పేజీ నిండాక కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదుగానే మళ్లీ రాసేవారు. 1840కి ముందు దూరాన్నిబట్టి, కాగితాల లెక్కన రుసుము పడేది, అదీ చాలావరకు అందుకున్నవాళ్లే కట్టాలి. పెన్నీ తపాలా వచ్చాక అవసరం తగ్గినా ఆ పొదుపు చాలామందిని వదల్లేదు. చదవడం మాత్రం కళ్లకు పరీక్షే.

గుట్టు: కార్డును పోస్టుమాన్ నుంచి పనిమనిషి దాకా ఎవరైనా చదవచ్చు. డబ్బు ఇబ్బందులు, పెళ్లి సంబంధాలు దానిమీద రాయకూడదు.

మర్యాద: చావు కబురు నల్ల అంచు కాగితంమీద, నల్ల అంచు కవరులో వెళ్లేది.

ఊరికి చేరామనో, ఫలానా రైలుకు వస్తున్నామనో చెప్పడానికి కార్డు చాలు. ఏడాదికోసారి పలకరించే బంధుత్వానికైతే నా ఓటు ఉత్తరానికే. చుట్టం కెనడాలో ఉంటే మరీను: 1898 క్రిస్మస్ నుంచి అక్కడికీ పెన్నీయే.