కీళ్లవాతం ఉన్నవాళ్లు ఫిట్‌నెస్ ప్యాకేజీ కట్టే ముందు ఇది చదవండి (విజయనగరం)

మన ఊళ్లో రుమటాయిడ్ (కీళ్లవాతం), లూపస్ లాంటి, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులున్నవాళ్లు ఎవరైనా "90 రోజుల్లో కీళ్ల నొప్పులు మాయం" అన్న కరపత్రం చూసి డబ్బు కట్టబోతుంటే ఒక్క రోజు ఆగండి. నేను ఆగలేదు. 18,000 రూపాయలు ఒకేసారి కట్టేశాను. ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి ఆ సెంటర్ పేరు రాయడం లేదు.

నాకు రుమటాయిడ్ వచ్చి ఆరేళ్లయింది. వారానికి ఒక్క రోజు జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ మాత్ర, దాంతో ఫోలిక్ యాసిడ్, మూడు నెలలకోసారి రక్తపరీక్షలు చేయించుకుని రైలెక్కి విశాఖ వెళ్లి చూపించుకోవడం. ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. పొద్దున వేళ్లు విచ్చుకోవడానికి నాకు గంట పడుతుంది. నొప్పి ఒక ఎత్తు, నీరసం ఒక ఎత్తు. రాత్రంతా నిద్రపోయి లేచినా అన్నం వార్చి గిన్నె దించేసరికి గోడకు చేరగిలబడాలనిపిస్తుంది. ఇంట్లో వాళ్లకే ఇది అర్థమవడానికి చాలాకాలం పట్టింది.

వ్యాయామం చెయ్యమన్నది మా డాక్టరుగారే. చుట్టూ కండ బలంగా ఉంటే కీలు మీద భారం తగ్గుతుంది, నీరసం కూడా కొంత తగ్గుతుంది అన్నారు. అందుకే వెళ్లాను. నా ఫైలు కౌంటర్ మీద పెట్టాను. తెరవలేదు. "ఇలాంటి కేసులు మా దగ్గర చాలా నయమయ్యాయి మేడమ్" అన్నారు. నాకు కావాల్సిన మాట అదే కదా, ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బు కట్టేశాను.

మొదటి వారం బాగానే గడిచింది. తొమ్మిదో రోజు పొద్దున కుడి మణికట్టు ఉబ్బింది, ముట్టుకుంటే వేడిగా ఉంది. ఇవాళ చేతి బరువులు వద్దు బాబూ అన్నాను. ట్రైనర్ పాతికేళ్ల కుర్రాడు. "ఏటవదమ్మా, ఒళ్లు వేడెక్కితే అదే పోద్ది. నొప్పని ఆపేస్తే అలవాటైపోద్ది" అన్నాడు. చేతికి అయిదేసి కిలోలు, పదిహేనేసి చొప్పున మూడు సెట్లు చేయించాడు. నేనూ చేశాను, కట్టిన డబ్బు గుర్తొచ్చి.

సాయంత్రానికి గాజులు బిగుసుకుపోయాయి. మా అత్తగారు సబ్బు నురగ రాసి ఒక్కొక్కటే తీశారు. ఆఖరిది రాలేదు, చేతిలోనే చితికింది. మర్నాడు కుళాయి తిప్పలేకపోయాను. ఉద్యోగానికి నాలుగు రోజులు సెలవు పెట్టాను. రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చూపేది) బాగా పెరిగిందని డాక్టరుగారు కొన్నాళ్లపాటు వాడమని స్టెరాయిడ్ రాయాల్సి వచ్చింది.

ఆ కుర్రాడికి చెడు ఉద్దేశం ఉందని నేను అనుకోను. అతనికి తెలిసిన నొప్పి ఒకటే. కొత్తగా బరువులెత్తితే కండ పట్టేసి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోయేది. మనది కీలు దగ్గరే ఉంటుంది, వాపుంటుంది, వేడిగా ఉంటుంది. ఆ తేడా తెలియని మనిషి చేతికి మనల్ని అప్పగించి డబ్బు తీసుకున్న యాజమాన్యానిదే తప్పు.

తగ్గాక వస్తాను, ఈ రోజులు కలపండి అని అడిగితే "90 రోజులంటే 90 రోజులే మేడమ్" అన్నారు. డబ్బు తిరిగివ్వమంటే రసీదు వెనక్కి తిప్పి చూపించారు. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ఇవ్వబోమని. పైగా "ఆ ఇంగ్లీషు మాత్రలు వేడి, తగ్గించుకోండి" అని 2,400 రూపాయల పొడి డబ్బా అంటగట్టారు. మాత్రల విషయంలో మాత్రం వాళ్ల మాట వినలేదు. మీరూ వినకండి, డాక్టరుని అడక్కుండా ఒక్క మాత్ర కూడా మానకండి. డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. డాక్టరుగారు మూత కూడా తియ్యొద్దన్నారు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మినవి ఇదివరకు పట్టుబడ్డాయట.

మీరు ఎక్కడ చేరినా డబ్బు కట్టే ముందు అడగాల్సింది ఒకటుంది. నాకు వాపు వచ్చిన రోజు ఏం చేయిస్తారు, ఆ రోజు లెక్కలో పోతుందా? కీలు మెల్లగా కదిలించి పంపిస్తాం, రోజు కలుపుతాం అంటే ఆలోచించండి. "మా దగ్గర అలాంటివి రావు" అంటే లేచి వచ్చెయ్యండి. మన జబ్బు క్యాలెండర్ చూసి రాదు, అందుకని రోజుల లెక్కన ముందే మొత్తం కట్టడం మనకు ఎప్పుడూ నష్టమే. నెలకో, రాకకో ఇంత అని కట్టండి.

ఇప్పుడు ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర, వెళ్లిన రోజుకే డబ్బిస్తున్నాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అయిదుసార్లు లేవడం, రబ్బరు బ్యాండుతో భుజాలకు కొంచెం పని, అంతే. పొద్దున బిగుతు వదిలాక అయ్యకోనేరు గట్టు మీద నడుస్తాను. అయిదు నిమిషాలతో మొదలుపెట్టి మూడు నెలల్లో ఇరవైకి వచ్చాను. ఆవిడ చెప్పిన కొలత ఇది: చేసిన రెండు గంటల తర్వాత కూడా కీలు నొప్పి మునుపటికంటే ఎక్కువగా ఉంటే, ఆ రోజు ఎక్కువ చేసినట్టే, మర్నాడు తగ్గించాలి. ఒంట్లో బాగున్న రోజున వారం పని ఒక్కసారే చేసేసి తర్వాత మంచం పట్టే అలవాటు నాకుండేది. ఆవిడ దాన్నీ మాన్పించారు.

డబ్బు సంగతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. కరపత్రం, రసీదు రెండు వైపులా, వాపు ఫొటో, డాక్టరు చీటీ పంపించాను. మీరు కూడా కరపత్రం పారెయ్యకండి, నయం చేస్తామన్న మాట అచ్చులో ఉన్నది అందులోనే. ఆ తర్వాత సెంటర్ వాళ్లు 7,000 తిరిగిచ్చారు, మిగతా రోజులు మా అమ్మాయి పేరున మారుస్తామన్నారు. రోజులు మార్చడానికి నేను ఒప్పుకోలేదు. మిగిలిన 11,000 కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు. నోటీసు పంపాను, జవాబు రాగానే చెబుతాను.