షికాగోలో ఆరడుగుల మందం ఇటుక గోడ

షికాగో వెళ్ళిన మనవాళ్ళు చాలామంది మిలీనియం పార్కులో బీన్ అనే శిల్పం ముందు ఫోటో దిగి, విల్లిస్ టవర్ ఎక్కి, డెవాన్ వీధిలో దోసె తిని వచ్చేస్తారు. మేమూ అవన్నీ చూశాం. ఉన్న నెల రోజుల్లో పనిగట్టుకుని రెండోసారి వెళ్ళింది మాత్రం ఒక్కచోటికే. జాక్సన్, డియర్‌బార్న్ వీధుల మూల మీదున్న మొనాడ్‌నాక్ బిల్డింగ్.

ముప్పై ఏళ్ళు రోడ్లు, భవనాల శాఖలో చేసినవాణ్ణి. మన దగ్గర తొమ్మిదంగుళాల గోడ అంటే గట్టి గోడ. ఇక్కడ నేలమట్టాన గోడ మందం ఆరడుగులు! లోపల ఇనుప స్తంభాలున్నా, 16 అంతస్తుల భారం మోసేది ప్రధానంగా బయటి ఇటుక గోడలే. పైకి వెళ్ళేకొద్దీ సన్నబడి చిట్టచివర అడుగున్నరకి వస్తాయి. జాక్సన్ వీధి గుమ్మంలో గోడ మందానికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాపాను. నా బార సరిపోలేదు.

భవనాన్ని రెండు విడతలుగా కట్టారు. ఇప్పటిదాకా చెప్పిన ఈ ఉత్తరపు సగం 1891 నాటిది. రూపకర్త జాన్ వెల్‌బార్న్ రూట్. అదే ఏడాది జనవరిలో, 41 ఏళ్ళకే, న్యుమోనియాతో పోయాడు. భవనం పూర్తవడం చూడలేదు. కట్టించినవాళ్ళు బోస్టన్‌కి చెందిన బ్రూక్స్ సోదరులు. నగిషీలు పెడితే దుమ్ము పట్టడం తప్ప బలమేమీ రాదని వాళ్ళ పట్టు. అందుకే పూలూ లతలూ ఏవీ లేవు. అడుగున గోడ మెల్లగా లోపలికి ఒంపు తిరుగుతుంది, పైన మళ్ళీ బయటికి విచ్చుకుంటుంది. మూల అంచు కింద పదునుగా మొదలై, పైకి పోయేకొద్దీ చదునవుతుంది. ఆ ఒంపుల కోసం ఇటుకల్ని ప్రత్యేకంగా అచ్చుపోయించారు. దగ్గరకెళ్ళి చేత్తో నిమిరితే ఒక వరసకీ పై వరసకీ తేడా వేలికి తగలనంత సాపుగా ఉంది. తాపీ పని తెలిసినవాళ్ళు అక్కడ కాసేపు ఆగిపోతారు.

దక్షిణపు సగం 1893లో హోలాబర్డ్, రోష్ అనే వాస్తుశిల్పులు కట్టారు. అది ఉక్కు చట్రం, ఇటుక పైతొడుగు మాత్రమే. రెండేళ్ళ తేడాలో కట్టుబడి పద్ధతే మారిపోయింది, ఆ మార్పు ఒకే భవనంలో అతుకు వేసినట్టు కనిపిస్తుంది. నా దృష్టిలో దీని అసలు విలువ అదే. 1893 సెప్టెంబరులో స్వామి వివేకానంద ప్రసంగించిన ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఇక్కణ్ణించి నడిచిపోయే దూరమే. రెండూ ఒకే పూట చూడొచ్చు.

నాకు మరీ నచ్చింది, ఇది మ్యూజియం కాకపోవడం. పై అంతస్తుల్లో ఈనాటికీ ఆఫీసులున్నాయి. కింద నడవాకి రెండు పక్కలా చిన్న చిన్న దుకాణాలు, అద్దాల మీద బంగారు రంగు అక్షరాలు. దుకాణం గుండా వీధి వెలుతురు నడవాలోకి వస్తుంది. మెట్లకి అల్యూమినియం వాడారు. భవన నిర్మాణంలో ఆ లోహాన్ని వాడిన తొలి రోజులవి. 1938లో కొత్తదనం పేరుతో పాత సొగసు చాలావరకు కప్పేస్తే, 1979 తర్వాత ఏళ్ళ తరబడి ఓపిగ్గా పాత రూపానికి తెచ్చారు. ఇది చూడాలంటే పనిదినాన వెళ్ళండి.

దగ్గర్లోనే రూకరీ అనే భవనం ఉంది. 1888 నాటిది, ఇదీ రూట్, అతని భాగస్వామి బర్న్‌హామ్‌లదే. లోపలి అద్దాల కప్పు కింది హాలుని 1905లో పేరుమోసిన వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కొత్తగా తీర్చాడు. కళ్ళు చెదిరే అందం, పిల్లలకి అదే నచ్చుతుంది. రెండింట్లో ఒకటే చూసే వీలుంటే నేను మొనాడ్‌నాక్‌కే వెళ్తాను.

బస సంగతి. ఊరి నడిబొడ్డున ఉంటే బాగుంటుందని ఒక రాత్రికి హోటల్ తీసుకున్నాం. కిటికీ పక్కనే వంతెన మీది రైలు. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు, తెల్లవార్లూ కునుకు లేదు. గది తీసుకునేముందు పట్టాలకి దూరమో కాదో అడిగి తెలుసుకోండి. రెండోసారి నేపర్‌విల్‌లో మావాడి ఇంటినుంచే మెట్రా రైల్లో వచ్చాం. యూనియన్ స్టేషన్‌లో దిగి, నది దాటి, జాక్సన్ వీధిలోనే తిన్నగా పావుగంట నడక. కారు తెస్తే పార్కింగ్‌కే బోలెడు అవుతుంది.

ఆ రోజు మా ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "ఏమండీ, వీధిలోంచి లోపలికి ఎక్కాలి గానీ దిగడమేంటి?" అంది. కింద షికాగో మెత్తటి బంకమట్టి. ఎనిమిదంగుళాలు కుంగుతుందని ముందే లెక్కేసి కట్టారు. 1948 నాటికి ఇరవై అంగుళాలు కుంగింది. అయినా నిలబడింది. చెప్పగానే ఆవిడ వెనక్కి వీధిలోకెళ్ళి, ఆ మెట్టు మళ్ళీ ఒకసారి నెమ్మదిగా దిగి వచ్చింది.